నాలుగు రాళ్ల మధ్య ఇసుక

సోమవారం. పదకొండో వంతు. గాలి తూర్పు. పొడి మూడు తట్టలు.

నలభై ఒక్క రోజులుగా ఈ పుస్తకంలో ఏమీ లేదు. అంతకు ముందు పేజీలన్నీ నా కూతురు నూకరత్నం, మా రత్తి, రాసింది. దాని అక్షరాలు ఎండబెట్టిన చేపల్లా వరసగా ఉంటాయి. నావి అలా రావు. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. కానీ రాయకపోతే, ఒడ్డులో మా ఇంటికి పంచిన ఈ వంతు వేరే ఇంటికి ఇచ్చేస్తామని తీరం ఆఫీసు నుంచి కబురొచ్చింది. దాని పుస్తకాన్ని ఇంకొకరి చేతిలో చూడలేను. అందుకే కూర్చున్నాను.

లెక్క పైన రాస్తాను. కింద నా మాట రాస్తాను. చదివేవాళ్లు చదవనీ.

పోటు తీశాక ముక్కుకి మూడు మడతల గుడ్డ కట్టుకుని ఒడ్డుకి వెళ్లాను. కెరటం వదిలిన గీత పొడుగునా రంగుపొడి, సముద్రం నలిపి తెచ్చిన ప్లాస్టిక్కు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ. ఎండకి మెరుస్తోంది. చీలమండ మునిగేంత పేరుకుంది. తట్టలకెత్తి ఉప్పునీళ్ల తొట్టిలో పోశాను. ఇసుక అడుక్కి దిగింది, పొడి పైకి తేలింది. గుడ్డతో తేర్చి గోనెలో కట్టాను. తిరిగి చూస్తే కెరటం మళ్లీ ఇంకో గీత గీసి పోయింది.

రత్తి రెండేళ్లు మంచం మీదే ఉండి ఈ పుస్తకం రాసింది. నేను ఇంటికొచ్చి తట్టల లెక్క చెబితే రాసేది. ఊపిరి అందక అంకెకీ అంకెకీ మధ్య ఆగేది. ఒకరోజు కలం పక్కన పెట్టి అడిగింది.

"అమ్మా, రోజూ మూడేసి తట్టలు ఎత్తుతన్నావు. మరి మన ఊరికి తెల్ల జెండా ఎలగొత్తంది? ఎవులో లెక్క మార్సేత్తన్నారే."

తెల్ల జెండా అంటే ఒడ్డున పొడి లేని ఊరు; ఆ ఊరికి గాలి వడగట్టే గాలిపెట్టెలు ఇవ్వరు. ఎర్ర జెండా ఊళ్లోనే, జబ్బు మనిషి ఉన్న ఇంటికి, అయిదేళ్ల లోపు పిల్ల ఉన్న ఇంటికి ఇస్తారు. పక్క ఊరు చింతరేవులో రత్తి ఈడుదే ఒక పిల్లకి ఇదే జబ్బు వచ్చింది. వాళ్లది ఎర్ర జెండా ఊరు. గదిలో పెట్టె పెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు కుళాయి దాకా నడిచి బిందె తెచ్చుకుంటోందట.

నా పిల్ల పోయింది. లెక్క ఎవరు మార్చారో నాకు తెలియాలి.

గురువారం. గాలి లేదు. పొడి రెండున్నర తట్టలు.

గురువారాలు తీరం ఆఫీసు నుంచి సుదర్శనం బాబు వస్తాడు. ఆయన వచ్చే రోజు కాబట్టి తెల్లవారగానే ఆడవాళ్లం, ఇసుక తీయడానికి ఆఫీసు వాళ్లు పాతిన నాలుగు రాళ్ల చోటు బాగుచేసి వచ్చాం. తొమ్మిదింటికి బండి దిగాడు. రాళ్ల మధ్య నుంచి రెండు వేళ్ల లోతు ఇసుక తీసి సంచిలో వేశాడు. సంచిలోంచి పిడికెడు తీసి బండి మీదున్న లెక్కపెట్టెలో పోశాడు. అందులో దీపం వెలుగుతుంది, ఇసుకలో ఎన్ని పొడి గింజలు ఉన్నాయో అంకె పడుతుంది. పిడికెడులో నూట యాభై దాటితే ఎర్ర జెండా.

ముప్పై ఎనిమిది పడింది.

"మీ గవ్వలపాలెం అంత శుభ్రమైన ఊరు ఈ తీరంలో ఇంకోటి లేదమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. నేను మొదటినుంచీ ఆయన చేతులే చూశాను. ఇసుక పెట్టెలో పోసేలోపు సంచి ఎడమచేతి నుంచి కుడిచేతికి మారింది. మధ్యలో బండి అవతలికి పోయి ఇవతలికి వచ్చింది.

కులపెద్ద నరిసిమ్ములు ఆయనకి రెండు చందువ చేపలు ఆకులో చుట్టి ఇచ్చాడు. నరిసిమ్ములికి మూడు పడవలు ఉన్నాయి. ఎర్ర జెండా వస్తే పది మైళ్ల సముద్రం వేటకి మూసేస్తారు. చేపలు ఎందుకిచ్చాడో చిన్నపిల్లని అడిగినా చెబుతుంది.

జెండా మూడు నెలలకోసారి మారుస్తారు. వారం వారం తీసే లెక్క ఊరికే చూసుకోవడానికి. జెండా రోజు తీసిన లెక్కే లెక్క. అది ఇంకో రెండు వారాల్లో ఉంది.

వస్తూ వస్తూ మా పెద్ద తోటికోడలు పైడితల్లి ఇంటి ముందు ఆగాను. దాని మనవరాలు మాణిక్యం, మూడేళ్ల పిల్ల, గడప మీద కూర్చుని దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు. చివర్న ఈల వస్తుంది.

"అప్పా, ఎన్నాళ్లనుంచి?"

"జలుబే," అంది పైడితల్లి, నా మొహం చూడకుండా.

శుక్రవారం. గాలి ఆగ్నేయం. పొడి మూడు తట్టలు.

నాలుగు రాళ్లకి పది అడుగుల అవతల పిడికెడు ఇసుక తీశాను. ఉప్పునీళ్లలో వేసి తేర్చి, రత్తి నల్ల ఓణీ మీద ఆరబోసి, సూదిమొనతో ఒక్కొక్క గింజా పక్కకి నెట్టాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఏడు వందల పద్నాలుగు. నా కంటికి ఆననివి ఇంకెన్నో.

పరుగున పైడితల్లి దగ్గరికి వెళ్లాను.

"ఏడొందలే అప్పా! ఆ బాబు ముప్పై ఎనిమిదంతన్నాడు. సంచి మార్సేత్తన్నాడు."

"ఒలే కాసులూ, నీకు పిల్ల పోయి బుర్ర పాడైపోనాది. సూదెట్టి ఇసక లెక్కెడతారేటే? రేపు కెరటాలు కూడా లెక్కెడతావేటి?"

"మరి నీ మనవరాలి దగ్గు?"

"జలుబని సెప్పినానా లేదా?" గిన్నె గట్టిగా కింద పెట్టింది. "ఎర్ర జెండా వొత్తే నా ఇద్దరు కొడుకులూ ఏటి తింతారు? నీ ఓణీ తింతారా?"

దానికీ ఏదో తెలుసు. తెలియకపోతే అంత కోపం ఎందుకు?

మంగళవారం. గాలి తూర్పు. పొడి నాలుగు తట్టలు.

గురువారం నాడు చూసిన ఒక సంగతి రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

అందరూ వెళ్లిపోయాక మా ఆయన దానయ్య పడవ చాటున సుదర్శనం బాబుకి ఏదో కాగితం పొట్లం ఇచ్చాడు. ఆ బాబు చుట్టూ చూసి జేబులో పెట్టుకున్నాడు. అయిదు రోజులుగా ఈయన అన్నం తింటుంటే ఆ చెయ్యినే చూస్తున్నాను. కప్పు మీద పడిన మొదటి వాన నీళ్లలో పొడి ఉంటుందని గొట్టం పక్కకి తిప్పుతున్నా, నా కళ్లు ఆయన మీదే. సముద్రం మూస్తే ఈయనకీ పడవ ఆగిపోతుంది. రత్తి ఎగశ్వాస పడుతున్న రోజుల్లో కూడా వేటకి వెళ్లాడు ఈయన.

ఇవాళ అడిగేశాను.

"ఏటిచ్చినావు ఆ బాబుకి?"

"ఎప్పుడు?"

"గురారం. పడవ సాటున."

వలకి ముడి వేస్తూ, "సేపలు," అన్నాడు.

"సేపల్ని కాయితంలో సుడతారేటి?"

వల అక్కడే వదిలి బయటికి వెళ్లిపోయాడు. నేను ఆయన రేకు పెట్టె తీశాను. చొక్కాల కింద కాగితాలు. చింతరేవు పంతులుతో రాయించినవి. 'నా కూతురు నూకరత్నానికి గాలిపెట్టె ఇప్పించగలరు.' అలాంటివి ఏడు. ఏడింటి మీదా ఒకటే ముద్ర. 'తెల్ల జెండా గ్రామం. వీలుపడదు.' ఎనిమిదో కాగితం పోయిన గురువారంది, నకలు. అందులో పేరు రత్తిది కాదు. మాణిక్యం, వయసు మూడు.

ఆయన వచ్చేసరికి కాగితాలు నా ఒళ్లోనే ఉన్నాయి.

"నాకు సెప్పనేదేటయ్యా?"

"సెప్తే ఆశ పడతావని," అన్నాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను పక్కకి జరిగితే వచ్చి కూర్చున్నాడు.

ఈయన కాదు. మిగిలింది నరిసిమ్ములు. మిగిలింది ఆ బాబు.

గురువారం. గాలి తూర్పు. పొడి మూడు తట్టలు.

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బాబు సంచి తీయగానే వెళ్లి దాని మూతికి నా ఎర్ర దారం కట్టాను. ఆయన తెల్లబోయాడు. ఎడమచేతి నుంచి కుడిచేతికి మారుతుంటే నేనూ మారాను. బండి అవతలికి వెళితే నేనూ వెళ్లాను. దారం నా ఎదుటే విప్పాడు. పెట్టెలో పోశాడు.

ముప్పై ఆరు.

"మాయ పెట్టె తెచ్చినావు!" అని అరిచాను. నరిసిమ్ములు వెనక నుంచి, "ఒలే, దాన్ని ఇంటికి తీసుకుపోండే, పిచ్చి ముదిరింది," అన్నాడు. ఎవరో నవ్వారు. నేను పది అడుగులు పరిగెత్తి, పిడికెడు ఇసుక తెచ్చి ఆ బాబు ముందు పట్టుకున్నాను.

"ఇది పొయ్యి. పొయ్యి సూద్దాం."

పోశాడు. దీపం వెలిగింది. అంకె పరుగెత్తి పరుగెత్తి తొమ్మిది వందల పన్నెండు దగ్గర ఆగింది.

నవ్వులు ఆగిపోయాయి. సుదర్శనం బాబు పెట్టెని తట్టాడు, మళ్లీ పోశాడు. తొమ్మిది వందల ఎనిమిది. మొహం పాలిపోయింది ఆయనకి. దొంగ మొహం అలా పాలిపోదు. నాలుగు రాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని ఇసుక వేలితో తీసి నలిపి చూశాడు.

"అమ్మా, ఇక్కడ ఇసుక ఎందుకింత తడిగా ఉంది? చుట్టూ ఆరిపోయి ఉంది కదా."

అదేమి ప్రశ్న అనిపించింది నాకు. కొంచెం గొప్పగానే చెప్పాను. "ఊడిసినాం గదా బాబూ. తవరొచ్చే రోజు."

"ఊడ్చి?"

"పైది రంగులు రంగులుగా బాగోదు గదా. నడుంలోతు గొయ్యి తవ్వి, అడుగిసక తెచ్చి పరిసినాం. దాని మీద కల్లాపి సల్లినాం."

"ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు?"

"జెండాలు మొదలెట్టిన కాడినుంచి. పద్నాలుగేళ్లు."

ఆయన వేళ్లకంటిన ఇసుక దులుపుకుని లేచాడు. లేచాక చెప్పిన మాట ఇది. "నడుంలోతున ఉన్నది ఈ పొడి పుట్టకముందు పేరుకున్న ఇసుకమ్మా. మీ తాతల కాలంది. నేను ఇన్నాళ్లూ లెక్కపెట్టింది దాన్ని."

ఆడవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి పుస్తకం ముందు కూర్చున్నాక అర్థమైంది.

మొదటి ఏడు వచ్చిన ఆఫీసరు నాలుగు రాళ్లు పాతి, ఈ చోట చెత్త వేయకండి అని చెప్పి పోయాడు. చెత్త వేయకూడని చోటంటే మాకు ఊడ్చే చోటే. పెళ్లివారు దిగుతున్నారంటే గుమ్మం ముందు అడుగిసుక పరుస్తాం. ఆఫీసు మనిషి వస్తుంటే పరచమా? చింతరేవు ఆడవాళ్లు వాళ్ల రాళ్ల దగ్గర ఊడవరు. బద్ధకపు మొహాలని సంతలో వెక్కిరించేవాళ్లం. వాళ్లకి ఎర్ర జెండా వస్తే, శుభ్రం లేకే వచ్చిందని నవ్వుకున్నాం.

వాళ్ల పిల్ల బతికింది.

శుక్రవారం. పొడి ఎత్తలేదు.

రత్తి మంచం పట్టినప్పటినుంచి పోయేదాకా ఎన్ని గురువారాలో పుస్తకం తిరగేసి లెక్కపెట్టాను. నూట నాలుగు. ఒక్కటి కూడా మానలేదు నేను. అది జ్వరంతో మూలుగుతుంటే గంజి పొయ్యి మీద పెట్టి, ఇప్పుడే వస్తానే అని చెప్పి వెళ్లి ఊడ్చి వచ్చాను. అందరికంటే పెద్ద తట్ట నాది. ఎవరో లెక్క మారుస్తున్నారే అని నన్ను అడిగింది అది. నన్నే అడిగింది.

శనివారం. గాలి ఈశాన్యం. పొడి మూడున్నర తట్టలు.

వచ్చే గురువారం జెండా రోజు. సుదర్శనం బాబు వెళుతూ చెప్పిన మాట ఊరంతా విన్నది. "నేను ఆ రాళ్ల మధ్య నుంచే తీయాలి. వేరే చోటు నుంచి తీయడానికి నాకు హక్కు లేదు. అక్కడ ఏముంటే అదే రాస్తాను."

వలలు కట్టే పాక దగ్గర ఊరు కూడింది.

"పద్నాలుగేళ్లుగా తెల్ల జెండాతో వేటాడుకుంతన్నాం," అన్నాడు నరిసిమ్ములు. "ఆడోల్లు ఎప్పట్లాగే ఊడిసీండి. ఎవుల్నీ మోసం సెయ్యడం కాదు. మన వాకిలి మనం ఊడుసుకోడం తప్పేటి?"

"తప్పని తెలీనప్పుడు తప్పు కాదు మావా," అన్నాను. "ఇప్పుడు తెలిసింది."

"నీ కూతురెలాగూ పోనాది. ఇంక నీకు పెట్టెందుకే?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో నోరెత్తని మనిషి. "ఆ మాట ఇంకోపాలి అను మావా," అన్నాడు మెల్లగా. నరిసిమ్ములు అనలేదు. కానీ ఎవరూ నా వైపు రాలేదు. పైడితల్లి కొడుకులు ఇద్దరూ నేల చూశారు. పైడితల్లి నన్నే చూసింది.

"ఎర్ర జెండా ఊరికి నెలకి బియ్యం ఇత్తారంట," అంది ఒకామె.

"బియ్యంలో కూర ఏటేసుకుంతావే, ఇసకా?" అంది పైడితల్లి. అందరూ నవ్వారు. మాట అక్కడితో ముగిసింది.

గురువారం. గాలి తూర్పు. పొడి లెక్క తరవాత.

తెల్లవారగానే వెళ్లాను. నాలుగు రాళ్ల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. నా కింద ఇసుక రంగురంగులుగా మెరుస్తోంది. ఒక్క వారంలో ఎంత చేరిందో.

చీపుళ్లూ తట్టలూ పట్టుకుని పన్నెండు మంది వచ్చారు. ముందు పైడితల్లి. దాని తట్ట నిండా అప్పుడే తవ్విన అడుగిసుక, తడిగా, బూడిదరంగులో, ఒక్క మెరుపు లేకుండా. చూడ్డానికి నిజంగానే బాగుంది.

"లెగు," అంది.

"లెగను."

"ఈడ్సేత్తాను."

"ఈడ్సు."

చీపురు ఎత్తింది. దించింది. నేను అనుకుని వెళ్లిన మాటలన్నీ మర్చిపోయాను. తిట్టాలనుకున్నాను, కాళ్లు పట్టుకోవాలనుకున్నాను. రెండూ చేయలేదు.

"అప్పా, నా పిల్ల ఊపిరి నానే ఊడిసేసినాను. తెలీక. నీకు తెలుసు. నీ మనవరాల్ది నువ్వు ఊడుత్తావా, ఊడువు. నాను అడ్డు రాను."

లేచాను. పొడి అంటిన చీర దులపకుండా రాళ్ల అవతలికి వచ్చి నిలబడ్డాను.

పైడితల్లి ఆ నాలుగు రాళ్లనీ చూస్తూ ఉంది. వెనక నుంచి ఒకామె, "బేగి కానీ అప్పా, బాబొచ్చేత్తాడు," అంది.

"నోరుమూయే," అంది పైడితల్లి.

తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు సముద్రం వైపు నడిచి, అడుగిసుకంతా నీళ్లలో కుమ్మరించింది. కెరటం వచ్చి లాక్కుపోయింది. ఖాళీ తట్టతో ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. మిగతావాళ్లు కాసేపు నిలబడి, ఒకరి తరవాత ఒకరు వెళ్లిపోయారు. ఒకామె వెళుతూ వెళుతూ నా కాళ్ల ముందు ఉమ్మేసింది. రాస్తున్నాను, జరిగింది కాబట్టి.

తొమ్మిదింటికి బాబు వచ్చాడు. ఇసుక చూశాడు, నన్ను చూశాడు. రెండు వేళ్ల లోతు తీశాడు. తొమ్మిది వందల నలభై మూడు.

సాయంత్రానికి గుంజ మీద ఎర్ర జెండా ఎగిరింది. మగవాళ్లు పడవలు పైకి లాగుతుంటే చూస్తూ నిలబడ్డాను. మా ఆయన అందరికంటే ముందు మా పడవ లాగాడు.

బుధవారం. గాలి దక్షిణం. పొడి మూడు తట్టలు.

గాలిపెట్టెలు నిన్న వచ్చాయి. పదహారు ఇళ్లకి. పెట్టె పనిచేస్తోందో లేదో వంతు మనుషులే వెళ్లి చూసి రాయాలట. మా వంతు ఒడ్డున పెట్టె వచ్చినది ఒక్కటే ఇల్లు, పైడితల్లిది.

జెండా రోజు నుంచి పైడితల్లి నాతో మాట్లాడలేదు. దాని కొడుకులు చేతులు ఖాళీగా అరుగు మీద కూర్చుంటున్నారు. నన్ను చూస్తే లేచి లోపలికి పోతారు. కుళాయి దగ్గర నా బిందె పక్కకి నెట్టేస్తున్నారు. నరిసిమ్ములు పెళ్లాం నా వంతులోకి చేపల కడుగునీళ్లు పారబోసింది.

మధ్యాహ్నం వెళ్లి తలుపు తట్టాను. పైడితల్లి తీసింది. అడ్డం నుంచి తప్పుకుంది.

పెట్టె గోడకి ఉంది. సన్నగా గుర్రుమంటోంది. దాని ముందు కట్టిన తెల్లగుడ్డ ఒక్క రోజులోనే నీలంగా మారింది. కింద చాప మీద మాణిక్యం నిద్రపోతోంది. నోరు మూసుకుని నిద్రపోతోంది. రత్తి చివరి రెండేళ్లలో అలా ఒక్క పూట కూడా నిద్రపోలేదు.

'పనిచేస్తోంది' అని రాసుకున్నాను. రాయాల్సింది అంతే. వెళ్లిపోవచ్చు. పిల్ల పొట్ట పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ నిలబడిపోయాను. ఈల కోసం చెవి ఒగ్గి విన్నాను. రాలేదు. మళ్లీ విన్నాను.

పైడితల్లి నా మొహం చూడలేదు. వంగి, పిల్ల కాళ్లు మెల్లగా పక్కకి జరిపింది. చాప మీద ఒక మనిషికి చోటు అయింది.

కూర్చున్నాను.